తాళం వేసిన ఇంటికి సున్నా

పెద్ద టీచరు గారు పోయారన్న సంగతి నాకు బళ్ళో ప్రార్థన జరుగుతుండగా తెలిసింది. ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయిందండీ. రేపు పదకొండింటికి నందిగామలోనే. మీకు తప్పకుండా చెప్పమంది. బడి మానేసి మాత్రం రావద్దని కూడా చెప్పిందండీ" అని ఏడుస్తూనే కొంచెం నవ్వింది. నేను సెలవు పెట్టి వెళ్ళాను. ఆవిడ మాట జవదాటడం ఇదే మొదటిసారి అని రాయబోయి ఆగాను. అది నిజం కాదు. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పెద్ద టీచరు గారంటే నేను ఉద్యోగంలో చేరిన మొదటి బడికి హెడ్మిస్ట్రెస్. పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు వెళ్తే మునేటి ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. పేరెందుకులెండి. రెండు గదుల బడి, ఇద్దరు టీచర్లు. ఊరు మాకు పెట్టుకున్న పేర్లు పెద్ద టీచరు, చిన్న టీచరు. ఆవిడ నందిగామ నుంచి వచ్చేవారు, నేను జగ్గయ్యపేట నుంచి. ఎవరు ముందు వస్తే వాళ్ళు తాళం తీయాలని ఒప్పందం. ఆరేళ్ళలో నేను తాళం తీసింది రెండుసార్లు, అదీ ఆవిడ ఎక్కిన బస్సు చెడిపోయిన రోజుల్లో.

మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. సుద్దముక్కలు కళ్ళజోడు డబ్బాలో పెట్టుకునేవారు, కళ్ళజోడేమో చేతిలో పట్టుకుని తిరిగేవారు. టీ చల్లారితే గానీ తాగరు. పిల్లల్ని మెచ్చుకోవడం ఆవిడకు చేతకాదు. లెక్క బాగా చేస్తే "ఊఁ" అనేవారు, చాలా బాగా చేస్తే ఇంకో లెక్క ఇచ్చేవారు. నన్నూ అంతే. పాఠం బాగా చెప్పానని నాకే అనిపించిన రోజున "అమ్మాయ్, రేపటి నుంచి అయిదో తరగతి కూడా నువ్వే చెప్పు" అన్నారు. అది మెచ్చుకోలని అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

లెక్కల పుస్తకంలో చివరి పాఠం ఒకటుంటుంది, దత్తాంశ నిర్వహణ. పేరు వింటేనే పిల్లలకు జ్వరం వచ్చేట్టుంటుంది గానీ, ఉన్నది చిన్న సంగతే. నలుగురినీ అడిగి తెలుసుకున్నదాన్ని పట్టికలో వేయడం, ఒక్కొక్కరికి ఒక నిలువుగీత గీయడం, అయిదోదాన్ని అడ్డంగా కొట్టడం. చివరి పాఠం కాబట్టి ఏ బళ్ళోనైనా ఏప్రిల్ ఎండల్లో హడావుడిగా అయిపోతుంది. నేను పట్టిక బోర్డు మీద గీసి, అంకెలు కూడా నేనే వేసి, కింద ప్రశ్నలకు జవాబులు రాయించేదాన్ని. అరగంటలో పాఠం పూర్తి. ఒకరోజు ఆవిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, "పట్టిక నువ్వే గీసేస్తే ఇంక వాళ్ళకు పనేముంది?" అని వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. మరి మీరే చెప్పండి చూద్దాం అన్నాను మనసులో. పైకి, "మీరు చెబుతుంటే చూస్తానండీ" అన్నాను.

మర్నాడు ఆవిడ నాలుగో తరగతి ముందు నిలబడి, "రాత్రి మీ ఇళ్ళల్లో ఏం కూర?" అన్నారు. ఇక చూడండి, గది పైకప్పు లేచిపోయింది. ఎవరు ఏది అరిస్తే అది ఆవిడ బోర్డు మీద ఖాళీ దొరికిన చోటల్లా రాసారు. దోసకాయ పప్పు ఓ మూల, గోంగూర ఓ మూల, చేపల పులుసు అడ్డంగా, మళ్ళీ ఇంకో పప్పు కింద. బోర్డంతా నిండాక తీరిగ్గా అడిగారు.

"పప్పు తిన్నవాళ్ళు ఎంతమంది?"

పిల్లలు లెక్కపెట్టారు. ఒకడు ఆరన్నాడు, ఒకతె ఎనిమిదంది. కొట్టుకున్నారు.

"ఏంటర్రా, ఇంతమందికి ఒక్క లెక్క తేలదా?"

"బోర్డు గందరగోళంగా ఉందండీ, సంతలాగ" అంది ముందు వరసలో పిల్ల.

"సంతలో గందరగోళంగా పెడతారా?"

ఆ పిల్ల ఆలోచించింది. వాళ్ళమ్మ పెనుగంచిప్రోలు సంతలో కూరగాయలమ్మేది. "లేదండీ. వంకాయలన్నీ ఒక గోతం మీద, టమాటాలన్నీ ఒక గోతం మీద పెడతాం."

"మరి?" అని ఆవిడ సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చి పక్కన కూర్చున్నారు. పది నిమిషాల్లో పిల్లలే గీతలు గీసారు, గళ్ళు చేసారు, పైన పేర్లు పెట్టారు. పట్టిక కావాలని వాళ్ళే గోలపెట్టేదాకా ఆవిడ పట్టిక మాటెత్తలేదు. నేను వెనక బల్ల మీద కూర్చుని, శిక్షణ కళాశాలలో నాకెవరూ ఇది చెప్పలేదేమని ఉక్రోషపడ్డాను.

ఆ పాఠంలోనే ఇంకోటి జరిగింది. ఒక పిల్ల వంతు వచ్చేసరికి చిన్నగా, "కారం మెతుకులండీ" అంది. కూర లేదు, అన్నంలో కారం, నూనె. పక్కనున్నవాడు తెలివిగా, "అది ఇతరములు అని పెడదామండీ" అన్నాడు. వాడికి ఆ మాట నేర్పింది నేనే. ఆవిడ వాడి వైపు చూసి, "ఇతరములంటే ఏంట్రా? తిన్నదానికి పేరుందిగా. ఆ పేరే రాయి" అని మిగతా గళ్ళంత వెడల్పుగానే కారానికీ ఒక గడి గీయించారు. గడి పడ్డాక ఇంకో ఇద్దరు మెల్లిగా చేతులెత్తారు. "మేం కూడా అదేనండీ. ఇందాక పప్పని చెప్పాం." ఆవిడ పప్పు గడిలో రెండు గీతలు చెరిపించి ఇటు వేయించారు, అంతే.

అన్నీ ఇంత బరువైన పాఠాలు కావు. ఒకసారి వీధిలో కోళ్ళ పట్టిక వేసుకురమ్మన్నారు. ఇద్దరు పిల్లలు ఒకే వీధికి నలభై అని ఒకరు, అరవై అని ఒకరు తెచ్చారు. తిరిగే కోళ్ళను తిరుగుతూ లెక్కపెట్టారు మరి. "కోళ్ళు హాజరు పలకవమ్మా. గూళ్ళకు చేరాక వెళ్ళి లెక్కపెట్టండి" అని పంపించారు. సాయంత్రం ఒకడు గూట్లో చెయ్యి పెట్టి పుంజుతో పొడిపించుకుని వచ్చాడు. వాళ్ళ నాయనమ్మ మర్నాడు బడికొచ్చి, "ఇదేం చదువమ్మా, కోడి చేత పొడిపించే చదువు" అని మా ఇద్దర్నీ దులిపేసింది. పెద్ద టీచరు గారు అంతా విని, "మీ గూట్లో ఎన్ని ఉన్నాయండీ?" అని అడిగారు. ముసలావిడ కోపంలోనే పద్నాలుగంది. ఆవిడ పట్టికలో వేసుకున్నారు.

సున్నా గురించి ఆవిడకొక పట్టుదల ఉండేది. పిల్లలు ఏ ఇంటికైనా వెళ్ళకుండా ఆ గడిలో సున్నా వేసుకొస్తే ఇట్టే కనిపెట్టేవారు. "అడిగితే లేవన్నారా, అసలు అడగలేదా?" అడగలేదంటే సున్నా చెరిపించేవారు. "అడగని ఇంటికి సున్నా వేయకూడదు. ఖాళీ ఉంచండి. ఖాళీ ఉంటే మళ్ళీ వెళ్ళాలని గుర్తుంటుంది" అనేవారు. ఈ మాట నేను వంద సార్లు విన్నాను. విన్నంత మాత్రాన ఒంటబడుతుందా?

ఇప్పుడు నా సంగతి. ఇది జరిగి పన్నెండేళ్ళయింది. ఏటా ఎండాకాలం ముందు టీచర్లు ఇల్లిల్లూ తిరిగి బడి ఈడు పిల్లలు ఎవరెవరున్నారో, ఎవరు ఏ బళ్ళో చదువుతున్నారో రాయాలి. ఊళ్ళో సగం ఆవిడ, సగం నేను పంచుకున్నాం. మిరపకోతల రోజులు. కూలికెళ్ళేవాళ్ళు చీకటితోనే తోటలకు పోయేవారు. నేను పదింటికి బయల్దేరితే ఇళ్ళల్లో ఎవరుంటారు? మునేటి వైపు వీధిలో పదకొండిళ్ళకు తాళాలు. గొడుగు వేసుకుని ఒక్కో గుమ్మం ముందు నిలబడ్డాను, తాళం చూసాను, సున్నా వేసాను, ముందుకెళ్ళాను. మళ్ళీ సాయంత్రం రావాలంటే ఆటో దొరకదు. పైగా ఆ నెలలోనే నా పెళ్ళిచూపులు, ఎండకు నల్లబడతానని ఇంట్లో మా అమ్మ గోల. కారణాలకేం, కావలసినన్ని ఉన్నాయి.

రిజిస్టరు ఇచ్చినప్పుడు ఆవిడ, "అన్ని ఇళ్ళకూ వెళ్ళావా?" అని అడిగారు.

"వెళ్ళానండీ" అన్నాను. మాటగా చూస్తే అబద్ధం కాదు. ప్రతి గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ నమ్మి సంతకం చేసారు. రిజిస్టరు మండలం ఆఫీసుకు వెళ్ళిపోయింది.

మూడు వారాలకు చివరి పాఠం వచ్చింది. ఈసారి పిల్లలే ప్రశ్న ఎంచుకున్నారు, ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేదెవరని. అమ్మ, నాన్న, నాయనమ్మ, తాత, పిల్లలు అని గళ్ళు గీసి వీధులు పంచుకుని తిరిగారు. అమ్మ గడి గీతలతో నిండిపోయి పక్క గడిలోకి పొర్లింది. మగపిల్లలు నాన్న గడిలో గీతల కోసం చాలా కష్టపడ్డారు గానీ నాలుగు కంటే దొరకలేదు. పిల్లలు అన్న గడిలో ఒకే ఒక్క గీత ఉంది. పెద్ద టీచరు గారు దాని మీద వేలు పెట్టారు.

"ఇదెవరిది?"

"మునేటి వీధిలో చివరిల్లండీ" అంది ఆ వీధి తిరిగిన పిల్ల. "ఆళ్ళమ్మ కంటే ముందే లేస్తదంటండీ. నీళ్ళు పట్టి, అన్నం వండుద్ది. తర్వాత ఆళ్ళమ్మోళ్ళు తోటకు పోతారు."

"నువ్వు వెళ్ళినప్పుడు ఎవరున్నారింట్లో?"

"ఆ పిల్లేనండీ. తాళం వేసే ఉంటదండీ ఎప్పుడూ. లోపల ఆ పిల్లా, ఆళ్ళ తమ్ముడూ. కిటికీలోంచి మాట్లాడుకుంటాం."

నేను అక్కడే ఉన్నాను. పెద్ద టీచరు గారు పిల్లల ముందు నా వైపు చూడను కూడా చూడలేదు. బడి వదిలాక రిజిస్టరు నకలు తీసి ఆ వరస దగ్గర ఆపారు.

"ఇక్కడ సున్నా ఉందమ్మాయ్."

"తాళం వేసి ఉందండీ."

"ఇట్లాంటివి ఎన్ని?"

"పదకొండు."

ఆవిడ ఆ వరసల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటుంటే నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాళ్ళకు వచ్చే కోపం ఎలాంటిదో మీకు తెలియనిది కాదు. "రెండు గంటలు ఎండలో తిరిగానండీ. ఇంకేం చేయమంటారు? తాళంతో మాట్లాడమంటారా?" అన్నాను.

"మాట్లాడాల్సింది" అన్నారావిడ. "నాలుగో తరగతి పిల్లలు మాట్లాడారుగా."

మర్నాడు పొద్దున్నే, కూలీలు తోటకు బయల్దేరకముందే, ఇద్దరం ఆ ఇంటికి వెళ్ళాం. ఖమ్మం వైపు నుంచి కోతలకొచ్చి ఉండిపోయిన కుటుంబం. పిల్లకు ఎనిమిదేళ్ళు, బడి మొహం చూడలేదు. ఏడాది నిండని తమ్ముడు చంకలో ఉన్నాడు. "తాళం ఎయ్యకపోతే పిల్లగాడు పాక్కుంట ఏటికాడికి పోతడు మేడం. మేం మిరపతోటకు పోతే ఈణ్ణెవరు చూస్తరు?" అంది తల్లి. అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు.

"ఇద్దర్నీ పంపించు" అన్నారు పెద్ద టీచరు గారు. "వీణ్ణి నేను చూస్తా."

నిజంగానే చూసారు. మా గది కిటికీ ఊచలకు పాత చీరతో ఉయ్యాల కట్టారు. ఒక కాలితో ఉయ్యాల ఊపుతూ అయిదో తరగతికి భిన్నాలు చెప్పడం నేను కళ్ళారా చూసాను. వాడు నిద్రలేచి ఏడిస్తే నాలుగో తరగతివాళ్ళు వంతులవారీగా ఎత్తుకునేవారు. ఎవరి వంతు ఎప్పుడో తెలియడానికి, మీరు ఊహించే ఉంటారు, గోడ మీద ఒక పట్టిక.

మిగతా పది ఇళ్ళకు కూడా వెళ్ళాం. ఎనిమిదిళ్ళలో పిల్లలే లేరు, నా సున్నాలు సరిపోయాయి. రెండిళ్ళలో పిల్లలు వేరే ఊరి బడికి వెళ్తున్నారు. కాబట్టి అంతమందిలో బడికి దూరమైంది ఆ పిల్ల ఒక్కతే. ఒక్కతేగా అని ఒకసారి నోరు జారాను. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

సరిచేసిన రిజిస్టరు తీసుకుని ఆవిడే మండలం ఆఫీసుకు వెళ్ళారు. పంపిన లెక్క తప్పని మనంతట మనం వెళ్ళి చెప్పడం మా ఉద్యోగాల్లో ఎవరూ చేయని పని. సాయంత్రం వచ్చి చల్లారిన టీ తాగుతూ, "మెమో ఇస్తారట" అన్నారు.

"ఎవరు రాసారని అడిగారా అండీ?" అన్నాను. మొట్టమొదట నా నోట్లోంచి వచ్చిన ప్రశ్న అది.

"కింద సంతకం ఎవరిదో చూసారు" అన్నారు.

నాకు హాయిగా అనిపించింది. సిగ్గు తర్వాతెప్పుడో వచ్చింది. నేను కొత్త ఉద్యోగిని, ఆవిడకు పదవీ విరమణ దగ్గరపడింది, ఆవిడకు పోయేదేముందిలే అని సర్దిచెప్పుకున్నాను. కానీ ముప్పై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో ఆవిడకు అందిన మెమో అదొక్కటే. అది నాది.

రెండేళ్ళకు ఆవిడ రిటైరయ్యారు. బడి ఆవరణలో షామియానా వేసి సన్మానం చేసాం. మాట్లాడిన పెద్దమనిషి ఒకాయన సరదాగా, "మేడం గారు సర్వీసు మొత్తం మీద ఒక్కసారే ఇంట్లో కూర్చుని సర్వే రాసారు, దాన్ని కూడా వాళ్ళ పిల్లలే పట్టించారు" అన్నారు. అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టారు. మెడలో దండతో ఆవిడ కూడా నవ్వారు. రెండో వరసలో కూర్చున్న నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లే నన్ను ఇన్నేళ్ళూ నిద్రపోనివ్వలేదు.

తర్వాత నందిగామ వెళ్ళినప్పుడల్లా ఆ మాటెత్తాలని చూసేదాన్ని. "టీచరు గారూ, ఆ మెమో విషయం" అని మొదలుపెట్టగానే ఆవిడ, "ఆ పిల్ల ఇప్పుడు ఏ క్లాసు?" అనేవారు. ఏడో తరగతి అంటే "ఊఁ" అనేవారు. ఇంటర్లో చేరిందంటే మళ్ళీ "ఊఁ". ఆ పైన ఉప్మా పెట్టేవారు. నేను తినేసి వచ్చేసేదాన్ని. ఆవిడకు వినడం ఇష్టం లేదనుకున్నాను. చెప్పాలనుకున్నవాళ్ళు ఉప్మాకు ఆగిపోరని ఇప్పుడు తెలుస్తోంది.

అందుకని ఈ కాగితం మీద రాస్తున్నాను. ఆ సన్మానం రోజు నవ్విన వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే వినండి. పెద్ద టీచరు గారు ఏనాడూ ఇంట్లో కూర్చుని సర్వే రాయలేదు. ఆ సున్నాలు నావి. ఆవిడకు నేను రుణపడ్డాను, క్షమాపణ అడగాల్సినప్పుడు అడగలేదు, అందుకు చాలా బాధపడుతున్నాను.

అంత్యక్రియల నాడు చర్చి నుంచి సమాధుల తోట దాకా నడిచాం. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది వచ్చారు. నడివయసు మనుషులు, కొందరికి జుట్టు నెరిసింది. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే గుప్పెడు మట్టి వేసి పక్కకు తప్పుకున్నారు. ఆ వరసలో ఆ పిల్ల కనబడింది. ఇరవై ఏళ్ళది ఇప్పుడు, జగ్గయ్యపేటలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మూడేళ్ళు నా తరగతిలో కూర్చున్న పిల్ల. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే పక్కకు వెళ్ళి నిలబడ్డాను. ముందు ఒకరికైనా నోటితో చెప్పాలనిపించింది. అది వినవలసినదాని చెవినే వేయాలనిపించింది.

"నీకొక మాట చెప్పాలే" అన్నాను. "ఆ ఏడు మీ ఇంటికి సున్నా వేసింది పెద్ద టీచరు గారు కాదు. నేను."

"తెలుసు టీచర్" అంది.

"ఆవిడ చెప్పారా?"

"లేదండీ. నేనే చెప్పా ఆవిడకి, బళ్ళో చేరిన రోజునే. 'మీ టీచరు తనంతట తాను అడిగితే చెప్పు, లేకపోతే ఎప్పుడూ అనబాకు' అన్నారు." చేతులు చున్నీకి తుడుచుకుంది. మాటలో కోపం లేదు. "ఆ రోజు మిమ్మల్ని చూసా టీచర్. తలుపు సందులోంచి. ఆకుపచ్చ చీర కట్టుకున్నారు. గొడుగు కింద నిలబడి రాసుకుంటున్నారు. ఎవరైనా ఉన్నారా అని పిలుస్తారేమో, పలుకుదామనుకున్నా. తమ్ముడు ఏడుస్తుంటే మీ పిలుపు వినబడదేమోనని వాడి నోరు మూసి పట్టుకున్నా."

నేను ఆ గుమ్మం ముందు ఎంతసేపు నిలబడ్డానో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. అర నిమిషం ఉంటుందేమో. అంతసేపూ తలుపుకు అటువైపు ఎనిమిదేళ్ళ పిల్ల, తమ్ముడి నోటి మీద చెయ్యి పెట్టి, ఊపిరి బిగబట్టి వింటూ ఉంది.